బ్రెడ్ మేకర్ కొనేముందు మూత తీసి లోపల చూడండి

ఆన్‌లైన్‌లో బ్రెడ్ మేకర్ అని వెతికితే ప్రతి కంపెనీ ముందు చెప్పేది మెనూల లెక్కే. ఒకరు 15 అంటారు, ఇంకొకరు 19, మరొకరు 25. కేకు, జామ్, హల్వా, పెరుగు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మే నెలలో హైదరాబాద్‌లో పెరుగు తోడుకోవడానికి మిషన్ ఎందుకండీ, తోడేసి గిన్నె గట్టు మీద వదిలేస్తే సాయంత్రానికి పులిసి కూర్చుంటుంది. ఇంట్లో మిషన్ పెట్టుకుని ఇన్నాళ్లుగా వాడుతున్నాను, నేను నొక్కే మెనూలు మూడే: మామూలు బ్రెడ్, ఉత్త పిండి కలపడం, ఉత్త కాల్చడం. మిగతావి ఉన్నా నష్టం లేదు గానీ వాటి కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

నా దృష్టిలో బ్రెడ్ మేకర్ అంటే పిండి పిసికి పొంగించే మిషన్. కాల్చడం దానికి చివర్లో వచ్చే పని, అది కూడా ఓ మాదిరిగానే చేస్తుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో కూడా తేలిగ్గానే తేలిపోతుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1980లలో జపాన్‌లో మత్సుషితా కంపెనీ, అంటే ఇప్పటి పానసోనిక్, ఇంట్లో వాడే బ్రెడ్ మిషన్ తయారు చేస్తున్నప్పుడు ఇంజనీర్లకి అడ్డం తిరిగింది కూడా పిసకడమే. పైన కాలిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. అప్పుడు ఆ టీమ్‌లో సాఫ్ట్‌వేర్ రాసే ఇకుకో తనాకా అనే ఆవిడ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కి వెళ్లి అక్కడి హెడ్ బేకర్ దగ్గర పని నేర్చుకుంది. ఆయన పిండిని ఊరికే నొక్కడం లేదు, మెలితిప్పుతూ సాగదీస్తున్నాడని గమనించింది. ఆ సాగదీత మిషన్‌లో రావడానికి లోపల గోడలకి ప్రత్యేకంగా గట్లు పెట్టారు. బ్లేడు తిప్పుతుంటే ముద్ద ఆ గట్లకి తట్టుకుని సాగుతుంది, అవే లేకపోతే ముద్దంతా బ్లేడుతో పాటు ఊరికే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అందుకే షాపులో మిషన్ కనిపిస్తే నేను ముందు చేసే పని మూత తీసి, లోపలి డబ్బా బయటికి లాగి చూడటం. గోడల మీద నిలువు గట్లు కాస్త పైకి తేలి ఉన్నాయా, బ్లేడుకీ డబ్బా అడుక్కీ మధ్య సందు ఎక్కువుందా, డబ్బా చేతికి బరువుగా తగులుతోందా లేక రేకులా తేలిపోతోందా. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కనీసం లోపలి డబ్బా ఫొటో పెట్టారో లేదో చూడండి, పెట్టకపోతే కొన్నవాళ్ల రివ్యూల్లోని ఫొటోలు వెతకండి. బయట స్టీలు మెరుపు, టచ్ బటన్లు చూసి ఏమీ తెలీదు.

మా ఇంట్లో ఉన్నది ఇక్కడ దొరికే 550 వాట్ల రకం. పేరు రాయను. ఈ ధరలో వచ్చేవి చాలావరకు చైనాలో ఒకే అచ్చులో తయారై, వేరువేరు కంపెనీల స్టిక్కర్లతో వస్తున్నాయి, బటన్ల రంగు మారుతుందంతే. 7,000 నుంచి 12,000 రూపాయల మధ్య సుమారుగా అవన్నీ ఒకటే కుటుంబం. అవతలి వైపు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా చెల్లెలి ఇంట్లో జోజిరుషి వర్చువోసో ప్లస్ ఉంది, అక్కడికి వెళ్లినప్పుడు దాని మీద కూడా చాలానే చేశాను. కాబట్టి చవక రకం, ఖరీదైన రకం రెండూ చేత్తో వాడి చెప్తున్న మాటలివి.

ముందు చవక రకం సంగతి. పిండి బాగానే కలుపుతుంది. మైదా అయితే ఇరవై నిమిషాల్లో చేత్తో నేనెప్పుడూ తేలేనంత మృదువుగా, సాగదీస్తే పొరలా వచ్చేలా తెస్తుంది. పొంగించడం కూడా ఫరవాలేదు. కాల్చేటప్పుడే దాని సత్తా తెలుస్తుంది. కాయిల్ కింద, డబ్బా చుట్టూ మాత్రమే ఉంటుంది, పైన ఏమీ ఉండదు. దాంతో పక్కలు, అడుగు ఎర్రగా, కొంచెం మందంగా కాలతాయి, పైభాగం మాత్రం తెల్లగా పాలిపోయి ఉంటుంది. క్రస్ట్ డార్క్ అని పెడితే పక్కలు ఇంకా గట్టిపడతాయి తప్ప పైన పెద్ద తేడా రాదు. రుచికి లోటేం లేదు గానీ చూడగానే బేకరీ బ్రెడ్డు అనుకునేలా ఉండదు.

జోజిరుషిలో మూతలోనే ఇంకో హీటర్ ఉంటుంది, అందుకే పైన కూడా రంగు వస్తుంది. డబ్బా అడ్డంగా పొడుగ్గా ఉంటుంది, రెండు బ్లేడ్లు తిరుగుతాయి, బ్రెడ్డు షాపులో కొన్న ఆకారంలోనే వస్తుంది. బరువు పది కిలోల పైనే, గట్టు మీద పెడితే ఇంచు కూడా కదలదు. మాది అలా కాదు, గట్టి పిండి పడిందంటే గ్రానైట్ మీద నడుచుకుంటూ వెళ్తుంది. ఇది మా ఒక్కదాని గోల కాదు, తేలిక మిషన్లన్నీ కొద్దో గొప్పో నడుస్తాయి. కింద రబ్బరు మ్యాట్ వేసి, గట్టు అంచుకి దూరంగా పెట్టుకోండి. ముఖ్యంగా రాత్రి టైమర్ పెట్టి పడుకునేవాళ్లు.

ఆకారం గురించి ఇంకో మాట, ఎందుకంటే కొనేటప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు. చవక మిషన్లలో చాలావాటికి డబ్బా నిలువుగా ఉంటుంది. బ్రెడ్డు ఎత్తుగా, చదరపు దిమ్మలా వస్తుంది. దాన్ని పడుకోబెట్టి కోస్తే ముక్కలు పెద్దవి, టోస్టర్‌లో పట్టవు, శాండ్‌విచ్ మేకర్ మూత పడదు. మళ్లీ సగానికి కోసుకోవాలి. పిల్లల లంచ్ బాక్స్ కోసమే కొంటున్నట్టయితే అడ్డం డబ్బా ఉన్నది చూసుకోండి, లేదంటే చిన్న సైజు పెట్టి చేసుకోండి. ఇక బ్లేడు ఉన్న చోట అడుగున ఒక రంధ్రం తప్పదు. రెండు బ్లేడ్లుంటే రెండు చిన్న రంధ్రాలు. ఆఖరిసారి పిండి తట్టి దించాక, పొంగడానికి వదిలే ముందు, చేతికి నూనె రాసుకుని ముద్ద పైకెత్తి బ్లేడు తీసేస్తే రంధ్రం బాగా చిన్నదవుతుంది. అమెరికాలో దొరికే బ్రెవిల్ కస్టమ్ లోఫ్‌లో కాల్చే ముందు బ్లేడు దానంతటదే పడుకుంటుంది, మంచి ఏర్పాటు. మన దగ్గర చవక రకాల్లో అలాంటిది నాకు కనిపించలేదు.

సైజు విషయంలో పెద్దది కొంటే మంచిదనుకుంటాం. బ్రెడ్ మేకర్‌లో అది నిజం కాదు. మిషన్ల మీద 1 పౌండు, 1.5 పౌండ్లు, 2 పౌండ్లు అని ఉంటుంది, అంటే సుమారు 450, 680, 900 గ్రాముల బ్రెడ్డు. 2 పౌండ్ల డబ్బాలో 1 పౌండు పిండి వేస్తే ముద్ద ఒక మూలకి చేరి అక్కడే తిరుగుతుంది, బ్రెడ్డు వంకరగా వస్తుంది. నలుగురున్న ఇంటికి 1.5 పౌండ్ల సెట్టింగ్, అంటే సుమారు 400 గ్రాముల పిండి, సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో చేసిన బ్రెడ్డు ఎక్కువ రోజులు ఉండదు కూడా. రెండో రోజుకి ఎండిపోవడం మొదలవుతుంది, వానాకాలంలో మూడో రోజుకి బూజు చుక్కలు వచ్చేస్తాయి. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆగుతుంది గానీ బయట కంటే త్వరగా గట్టిపడుతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా పెనం మీద వేయడమే మంచి దారి. వేడి మీద మాత్రం కోయకండి, కనీసం గంట ఆగాలి, రంపం లాంటి పళ్లున్న కత్తి కావాలి. మామూలు కూరగాయల కత్తితో కోస్తే సగం పొడి అవుతుంది. ఆ పొడి, ఎండిన ముక్కలు ఏం చేయాలో హైదరాబాద్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, డబల్ కా మీఠా ఉండనే ఉంది. మా అత్తయ్య అయితే బ్రెడ్ ఉప్మా వైపే మొగ్గు చూపిస్తుంది.

ఇక అసలు విషయం పిండి. బ్రెడ్ మేకర్ కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడే విసిగిపోయి దాన్ని అటక ఎక్కిస్తారు. మిషన్‌తో వచ్చే రెసిపీ పుస్తకం ఎక్కువగా బయటి దేశాల బ్రెడ్ ఫ్లోర్‌ని, అంటే బ్రెడ్డు కోసమే అమ్మే పిండిని, లెక్కలో పెట్టుకుని రాసింది. అందులో ప్రొటీన్ 12-13 శాతం ఉంటుంది. మన మైదాలో సాధారణంగా 9 నుంచి 11. మన గోధుమపిండిలో ప్రొటీన్ తక్కువేం కాదు గానీ, రాతి చక్కీలో పడి నలిగిన పిండి కాబట్టి అందులో దెబ్బతిన్న స్టార్చ్ ఎక్కువ, నీళ్లు బాగా తాగుతుంది, పైగా ముద్దని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే ప్రొటీన్ తీగలని తవుడు ముక్కలు కోసేస్తుంటాయి. చపాతీకి మెత్తదనం ఇచ్చే గుణమే బ్రెడ్డుకి బరువవుతుంది. కాబట్టి పుస్తకంలో 'హోల్ వీట్' అని రాసిన కొలత చూసి మర పట్టించిన పిండితో చేస్తే ఇటుక వస్తుంది. తప్పు మిషన్‌ది కాదు.

నేను వాడే కొలత రాస్తున్నాను. 300 గ్రాముల మైదాకి 185 నుంచి 195 మిల్లీలీటర్ల నీళ్లు. అదే 300 గ్రాముల గోధుమపిండి అయితే 230 నుంచి 240 వరకు పడుతుంది. ఉప్పు 5 గ్రాములు, పంచదార లేదా బెల్లం 15 గ్రాములు, నూనో వెన్నో 20 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను. పూర్తిగా గోధుమపిండితో చేయాలంటే గ్లూటెన్ పొడి కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కప్పు పిండికి టీస్పూనుతో మొదలుపెట్టి టేబుల్‌స్పూను వరకు వెళ్లొచ్చు. అది ఇష్టం లేకపోతే సగం మైదా, సగం గోధుమపిండి. ఇంకో చిట్కా, డబ్బుతో పని లేనిది: పిండీ నీళ్లూ మాత్రం వేసి రెండు నిమిషాలు తిప్పి మిషన్ ఆపేయండి, అరగంట నాననివ్వండి, ఆ తర్వాత ఈస్టూ ఉప్పూ వేసి మొదటినుంచి స్టార్ట్ చేయండి. గోధుమపిండికి ఇది చేసే మేలు ఏ మెనూ చేయదు. కప్పులతో కొలవడం మానేసి చిన్న వెయింగ్ మెషిన్ కొనుక్కోండి, కప్పులో పిండి దట్టించి నింపితే ఒక తూకం, వదులుగా నింపితే ఇంకో తూకం.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల తర్వాత మూత తీసి ముద్దని చూడటం తప్పనిసరి. కలిపేటప్పుడు మూత తీస్తే ఏమీ కాదు, కాల్చేటప్పుడే తీయకూడదు. ముద్ద గుండ్రంగా, మెత్తగా, వేలితో తాకితే కొద్దిగా అంటి వదిలేలా ఉండాలి. అడుగున చెరువులా ఉంటే ఒక చెంచా పిండి, గోడలకి కొట్టుకుంటూ టకటకమంటుంటే ఒక చెంచా నీళ్లు. విశాఖలో ఉండేవాళ్లకి గాలిలో తేమ వల్ల ఒక చెంచా తక్కువే పట్టొచ్చు. ఈ చూపు ఒక్కటి అలవాటైతే ఏ మిషన్ అయినా మాట వింటుంది.

జొన్న, రాగి అడుగుతారని తెలుసు. ఈ మధ్య ప్రతి ఇంట్లో అదే ప్రశ్న. వాటిలో గ్లూటెన్ లేదు, అందుకని ఉత్త జొన్నపిండి వేసి బ్రెడ్ మెనూ నొక్కితే పొంగదు. మొత్తం పిండిలో నాలుగో వంతు వరకు రాగిపిండి కలిపితే బాగుంటుంది, రంగు చాక్లెట్‌లా వస్తుంది, పిల్లలు అడగకుండా తినేస్తారు. గ్లూటెన్ ఫ్రీ అనే మెనూ కొన్ని మిషన్లలో ఉంది, కానీ దానికి వేరే పిండ్ల మిశ్రమం, దాన్ని అతికించి ఉంచే ఇసబ్‌గోల్ లాంటిది, వేరే కొలతలు కావాలి. మెనూ ఉన్నంత మాత్రాన బ్రెడ్డు రాదు.

మన ఎండల సంగతి ఏ రెసిపీ పుస్తకంలోనూ ఉండదు. మిషన్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు అలాగే పోస్తే, దానికి తోడు పిసికే రాపిడి వేడి కలిస్తే, ఈస్ట్ గాభరాగా పొంగి కాల్చే టైముకి ముందే నీరసపడుతుంది. పైభాగం గుంటలా కుంగిపోతుంది. అందుకని వేసవిలో ఫ్రిజ్ నీళ్లు, వీలైతే రెండు ఐసు ముక్కలు, ఈస్ట్ పావు వంతు తగ్గించడం. చలికాలంలో ఈ టెన్షన్ లేదు. ఈస్ట్ ప్యాకెట్ తెరిచాక గాలి చొరబడని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టుకోండి, గట్టు మీద ఉంచితే మన వాతావరణంలో త్వరగా చచ్చిపోతుంది.

టైమర్ గురించి. చాలా మిషన్లలో 13 నుంచి 15 గంటల వరకు వాయిదా పెట్టుకోవచ్చు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నే వేడి బ్రెడ్డు, నిజంగానే బాగుంటుంది. పాలు, గుడ్లు వేసే రెసిపీలకి మాత్రం టైమర్ వాడొద్దు, గంటల తరబడి బయట ఉంటే పాడైపోతాయి, నీళ్లతోనే చేసుకోండి. ఈస్ట్ నీళ్లకి తగలకుండా పిండి పైన చిన్న గుంట చేసి వేయాలి. పానసోనిక్ పెద్ద మోడళ్లలో ఈస్ట్‌కి మూతలో వేరే గది ఉంటుంది, సమయానికి అదే వదులుతుంది, మిగతావాటిలో మనమే జాగ్రత్తపడాలి. కానీ మూడు గదుల ఫ్లాట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి మిషన్ పిండి పిసకడం మొదలుపెడితే ఎవరి నిద్ర పోతుందో కూడా ఆలోచించుకోండి.

కరెంటు పోతే? ఇది మన ఊళ్లలో కొనేముందు అడగాల్సిన ప్రశ్న. కొన్ని మిషన్లు పది పదిహేను నిమిషాల లోపు కరెంటు తిరిగొస్తే ఆగిన చోటినుంచి కొనసాగుతాయి. కొన్ని మొదటినుంచి మొదలుపెడతాయి, రెండోసారి పిసికిన ముద్ద సరిగ్గా లేవకపోవచ్చు. 'పవర్ మెమరీ ఎన్ని నిమిషాలు' అని సూటిగా అడగండి, లేదంటే మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. ఇన్వర్టర్ లైన్ మీద పెట్టేవాళ్లు 550 నుంచి 700 వాట్లు మోస్తుందో లేదో చూసుకోవాలి. కరెంటు బిల్లు గురించి మాత్రం భయపడక్కర్లేదు, మూడు గంటలు నడిచినా హీటర్ గట్టిగా వెలిగేది చివరి గంటే, ఒక బ్రెడ్డుకి అర యూనిట్ కూడా దాటదు.

అమెరికా నుంచి తెప్పించుకుందాం అనేవాళ్లు చాలామంది. వద్దు. అక్కడి మిషన్ 120 వోల్టులకీ 60 హెర్ట్జ్‌కీ చేసింది. ఇక్కడ 230, 50. వెయ్యి వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే వోల్టేజ్ తగ్గుతుంది గానీ హెర్ట్జ్ మారదు, మోటారు వేగం తేడా వస్తుంది. పైగా సూట్‌కేసులో సగం బరువు ఇదే తినేస్తుంది, ఇక్కడ రిపేరుకి దిక్కుండదు. తెప్పించుకోవాలనే పట్టుదల ఉంటే దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉన్న బంధువులని అడగండి, అక్కడ కూడా మనలాగే 50 హెర్ట్జ్, వోల్టేజ్ కూడా దాదాపు ఇంతే, ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. మన జగిత్యాల, కడప వైపు గల్ఫ్‌లో ఒకరైనా లేని వీధి ఉంటుందా.

అమెరికాలోనే ఉండే మనవాళ్లకి ఇంకో దారి ఉంది. గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల షాపుల్లో జనం రెండుసార్లు వాడి వదిలేసిన బ్రెడ్ మెషిన్లు పది పదిహేను డాలర్లకే కనిపిస్తుంటాయి. బ్లేడు ఉందా, డబ్బా లోపల కోటింగ్ ఊడిందా అని చూసి, షాపులోనే ప్లగ్గు పెట్టి తిప్పి చూసి తెచ్చుకోండి. అది వాడి, వారంలో ఎన్నిసార్లు చేస్తున్నారో తెలిశాక జోజిరుషి గురించి ఆలోచించవచ్చు, అది వందల డాలర్లు పెట్టాల్సిన వస్తువు. మధ్యలో క్విజినార్ట్ లాంటివి ఉన్నాయి, పిండి కలపడంలో వాటికేం తక్కువ లేదు. అక్కడ బ్రెడ్ ఫ్లోర్ ప్రతి షాపులో దొరుకుతుంది కాబట్టి మా చెల్లెలికి నా తిప్పలేవీ లేవు, ఇండియన్ స్టోర్‌లో కొన్న ఆటాతో చేసినప్పుడు మాత్రం మళ్లీ ఇదే కథ.

చపాతీ పిండి కలుపుతుందా అని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగేది. కలుపుతుంది. కెంట్ వాళ్లయితే ఆటా అండ్ బ్రెడ్ మేకర్ అనే పేరుతోనే అమ్ముతున్నారు, మన మార్కెట్ తెలిసిన తెలివి అది. అర కిలో పిండి వరకు, ఇంట్లో ఆరేడుగురు ఉంటే, లేదా మణికట్టు నొప్పులున్నవాళ్లకి, ఇది నిజంగా పెద్ద సాయం. ఇద్దరికి ఆరు చపాతీలంటే మాత్రం పిండి కలిపే టైము కంటే బ్లేడు సందులో ఇరుక్కున్న పిండి కడిగే టైమే ఎక్కువ. గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట నానబెట్టి కడగండి, స్టీలు చెంచాతో గీకొద్దు. మరీ గట్టిగా, పూరీ పిండిలా కలపమని దాన్ని ఇబ్బంది పెట్టొద్దు, బెల్టు మీద భారం పడుతుంది.

డబ్బా, బ్లేడు. మళ్లీ అక్కడికే వస్తున్నాను, ఎందుకంటే మిషన్‌లో ముందు పోయేవి అవే. మోటారు బాగానే ఉంటుంది, హీటర్ బాగానే ఉంటుంది, బ్లేడు కూర్చునే ఇరుసు దగ్గర కోటింగ్ లేస్తుంది, లేదా ఆ ఇరుసు సీలు అరిగి నీళ్లు కిందికి కారతాయి. మా దానికి రెండోది జరిగింది. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే వారంటీలో డబ్బా రాదన్నారు, విడిగా కొంటామన్నా స్టాకు లేదన్నారు, చివరికి అదే అచ్చులో వచ్చే ఇంకో కంపెనీ డబ్బా ఆన్‌లైన్‌లో దొరికి సరిపోయింది. అందరికీ అలా సరిపోతుందని హామీ లేదు. కొనేముందు కస్టమర్ కేర్‌కి ఒక్క ఫోన్ చేసి 'డబ్బా విడిగా అమ్ముతారా, ధర ఎంత, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరుకుతుందా' అని అడగండి. తడబడితే ఆ కంపెనీ వదిలేయండి, ఎన్ని మెనూలున్నా సరే.

ఓటీజీ, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లకి నా సలహా కాస్త వేరు. మిషన్ చవకదే కొనండి. పిండి కలిపి మొదటిసారి పొంగించే డో మెనూ గంటన్నరలో అయిపోతుంది. ముద్ద బయటికి తీసి, మీకు కావలసిన టిన్నులో పెట్టి, రెండోసారి పొంగాక ఓటీజీలో కాల్చండి. రంధ్రం లేదు, పైన ఎర్రటి రంగు, ఆకారం మీ ఇష్టం. పావ్, పిజ్జా బేస్, దిల్‌పసంద్‌లాంటివి అన్నీ ఆ ఒక్క డో మెనూతోనే. 30,000 పెట్టి దిగుమతి మిషన్ కొనడం కంటే ఈ జోడీ మంచి బ్రెడ్డు ఇస్తుంది. ఓటీజీ లేదు, పెట్టే చోటూ లేదు, అన్నీ వేసి మూత పెట్టి వెళ్లిపోవాలి అనేవాళ్లకే మొత్తం పని మిషన్‌లో చేసుకునే అవసరం.

షాపు బ్రెడ్డు మీద అనుమానంతో కొనేవాళ్లకి ఒక మాట. 2016లో సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ ఢిల్లీలో అమ్మే బ్రెడ్డులో పొటాషియం బ్రోమేట్, అయొడేట్ అనే రసాయనాలు ఉన్నాయని పరీక్షల్లో బయటపెట్టాక, అదే సంవత్సరం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ బ్రోమేట్‌ని వాడకూడదని తేల్చింది. ఆ భయం ఇంకా చాలామందిలో ఉంది. ఇంట్లో చేస్తే ఏం వేశామో మనకి తెలుసు, నిజమే. బ్రౌన్ బ్రెడ్డు పేరుతో కారమెల్ రంగు కలిపిన మైదా కొనే బాధ తప్పుతుంది, అదీ నిజమే. డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి, పిండి, నూనె, ఈస్ట్, కరెంటు కలిపి ఒక బ్రెడ్డుకి షాపు ధరకి కాస్త తక్కువే అవుతుంది గానీ మిషన్ ఖరీదు రావడానికి ఏళ్లు పడుతుంది.

అసలు మీ ఇంట్లో బ్రెడ్డు ఎంత తింటారో చూసుకోండి. మన ఇళ్లలో చాలాకాలం బ్రెడ్డంటే జ్వరం వచ్చినప్పుడు పాలల్లో ముంచి పెట్టేది. ఇప్పటికీ ఇడ్లీ, దోసెల మధ్య ఎప్పుడో ఒకసారి శాండ్‌విచ్ చేసుకునే ఇల్లయితే ఈ మిషన్ వద్దు, సందు చివర బేకరీ చాలు. వారానికి రెండు మూడు ప్యాకెట్లు తెచ్చే ఇల్లయితే కొనండి.

ఏది కొనాలి అని ఇంకా అడిగితే: హైదరాబాద్‌లో, 1.5 లేదా 2 పౌండ్లు, లోపల గట్లున్న మందపాటి డబ్బా, పవర్ మెమరీ, డో మెనూ, విడిగా కాల్చే మెనూ, విడిగా డబ్బా దొరికే కంపెనీ. ఇవి ఉంటే 8,000 రకం చాలు. సొంతంగా టైములు పెట్టుకునే మెనూ ఉంటే ఇంకో వెయ్యి పెట్టొచ్చు, ముఖ్యంగా గోధుమపిండితో చేసేవాళ్లు.

మిషన్ వచ్చిన రోజే డబ్బాలో సగం నీళ్లు పోసి, కింద టిష్యూ పేపర్ వేసి గంట ఉంచండి, ఇరుసు కారుతుందేమో తెలిసిపోతుంది. తర్వాత ఖాళీగా పది నిమిషాలు కాల్చే మెనూ మీద నడపండి, కొత్త వాసన, కొంచెం పొగ వస్తాయి, కిటికీ తెరిచి ఉంచండి. ఆ వెంటనే, రిటర్న్ గడువు లోపలే, మైదాతో ఒకటి, మీ ఇంటి గోధుమపిండితో ఒకటి చేసి చూడండి. మైదా కూడా సరిగ్గా కలపకపోతే ప్యాక్ చేసి వెనక్కి పంపేయండి, అట్టపెట్టె, థర్మోకోల్ అప్పటిదాకా పారేయకండి.